నాలుగు దారాల పతంగి: గాల్లో ఎలా ఆగుతుంది, మన గాలికి ఎప్పుడు ఎగురుతుంది

సంక్రాంతి దగ్గర పడుతుంటే ఫోన్లలో పతంగుల వీడియోలు తిరగడం మొదలవుతుంది. వాటిలో ఒక రకం పతంగి కనిపించగానే నల్లగొండ, పాలమూరు వైపు ఏళ్ల తరబడి పేంచ్‌లు వేసినవాళ్లు కూడా వీడియో ఆపి మళ్లీ చూస్తారు. ఆ పతంగి పైకి దూసుకెళ్తూ ఉన్నట్టుండి గాల్లో ఆగిపోతుంది. తలకిందులై నేలకు జానెడు ఎత్తులో నిలబడుతుంది. అక్కడి నుంచి వెనక్కి వెనక్కి పైకి వెళ్తుంది. మోటారు ఉందా, రిమోట్ ఉందా అని అడుగుతారు. అవేమీ ఉండవు. ఉన్నవి నాలుగు దారాలు, రెండు హ్యాండిళ్లు.

దీని మీద తిరిగే మాటల్లో మాత్రం చాలా గందరగోళం ఉంది. మనిషిని ఎత్తుకుపోతుందని ఒకరు, ఆ దారం చైనా మాంజాయేనని మరొకరు, ముందు రెండు దారాలది నేర్చుకోకుండా దీన్ని ముట్టుకోకూడదని ఇంకొకరు అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంతవరకు నిజమో తెలియాలంటే అసలు దారం చేసే పనేమిటో ముందు చూడాలి.

ఒకటి, రెండు, నాలుగు

మన కాగితపు పతంగికి ఒకటే దారం. గాలికి అది ఎంత వాలుగా నిలబడాలన్నది ముడి కట్టినప్పుడే తేలిపోతుంది. ఎగిరేటప్పుడు మన చేతిలో ఉండేవి రెండే పనులు. లాగితే ముక్కు చూసే వైపు దూసుకెళ్తుంది, ఢీల్ ఇస్తే, అంటే దారం వదులు చేస్తే, గిర్రున తిరుగుతుంది. ముక్కు మనకు కావలసిన వైపు తిరిగిన క్షణంలో లాగడమే నైపుణ్యమంతా.

రెండు దారాల పతంగికి ఎడమ ఒకటి, కుడి ఒకటి. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకు తిరుగుతుంది. 1972లో బ్రిటన్‌కు చెందిన పీటర్ పావెల్ తయారుచేసిన పతంగితో ఈ రకం బాగా ప్రచారంలోకి వచ్చింది. దిశ మన చేతిలోకి వచ్చింది కానీ వాలు మాత్రం ఇంకా ముడి దగ్గరే ఉండిపోయింది. అందుకే అది మామూలుగా ఎప్పుడూ ముందుకే పోతుంది, వెనక్కి రాదు.

నాలుగు దారాలదానిలో ఎడమ రెక్కకు పైన ఒకటి, కింద ఒకటి, కుడి రెక్కకూ అలాగే రెండు. అంటే ప్రతి రెక్క వాలునూ ఎగురుతుండగానే విడివిడిగా మార్చవచ్చు. ఇప్పుడు మనం చూసే రూపాన్ని 1980ల చివర్లో అమెరికాలోని శాన్ డియేగోలో హాడ్జికి సోదరులు తెచ్చారు. అయితే ఈ ఆలోచన చాలా పాతది. 1899లో రైట్ సోదరుల్లో ఒకడైన విల్బర్ రైట్ అమెరికాలోని డేటన్‌లో 5 అడుగుల రెండంతస్తుల పతంగిని ఎగరేసినప్పుడు రెండు చేతుల్లో రెండు కర్రలు, వాటికి నాలుగు దారాలు కట్టుకున్నాడు. రెక్కలను మెలితిప్పితే ఎగిరే యంత్రం అదుపులో ఉంటుందా అని పరీక్షించడానికి చేసిన పని అది. విమానానికి ముందు మెట్టు నాలుగు దారాల పతంగే అని తెలిసినప్పటి నుంచి దీని మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఒకే పేరు, రెండు వేర్వేరు వస్తువులు

"మనిషిని ఎత్తుకుపోతుంది" అన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఈ పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి విన్యాసాల పతంగి. కార్బన్ పుల్లల మీద పల్చటి గుడ్డ బిగించిన, రెండు రెక్కల విల్లులాంటి ఆకారం. మామూలు సైజు వెడల్పు 2.35 మీటర్లు, ఎత్తు 80 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. రెండోది పవర్ కైట్. పుల్లలు ఉండవు, గాలి నిండి ఉబ్బే గుడ్డ సంచుల వరుస. చక్రాల బండి మీద కూర్చుని దానితో లాగించుకోవడానికి వాడతారు.

తేడా లెక్కలో చూద్దాం. చదరపు మీటరు గుడ్డను గంటకు 15 కి.మీ. గాలి సుమారు కిలో, కిలోంబావు బరువుతో లాగుతుంది. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. అంటే 30 కి.మీ. గాలికి దాదాపు 5 కిలోలు. విన్యాసాల పతంగి లాగుడు ఈ స్థాయిలోనే ఉంటుంది, పన్నెండేళ్ల పిల్లలు తట్టుకోగలరు. అదే 5 చదరపు మీటర్ల పవర్ కైట్ అయితే 30 కి.మీ. గాలికి నిలబడి ఉన్నప్పుడే 25 కిలోలు. అది అడ్డంగా దూసుకెళ్లేటప్పుడు దానికి తగిలే గాలి వేగం రెట్టింపైనా చాలు, వంద కిలోల దాకా వస్తుంది. మనిషి కాళ్లు నేల మీద ఆగవు. కాబట్టి ఆ భయం రెండో రకానికి నిజం, మొదటి రకానికి కాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రకం గురించే.

ఆగడం వెనక లెక్క

హ్యాండిల్ సుమారు 33 సెంటీమీటర్ల పొడవుండే వంపు కడ్డీ. పై కొసకు పై దారం, కింది కొసకు కింది దారం కడతారు. పిడికిలిలో నిలువుగా పట్టుకుంటే బొటనవేలు పై వైపు ఉంటుంది. బొటనవేలిని మన వైపు వాల్చితే పై దారం దగ్గరికొస్తుంది, పతంగి ముందంచు మన వైపు వాలి గాలి కింది నుంచి జారిపోతుంది, పతంగి ముందుకు కదులుతుంది. బొటనవేలిని పతంగి వైపు వాల్చితే కింది కొస మన వైపు వస్తుంది. దీన్ని బ్రేక్ అంటారు. కొంచెం బ్రేక్ వేస్తే గుడ్డ గాలికి ఎదురుగా నిటారుగా నిలబడుతుంది, ఏ వైపూ జారదు, అదే ఆగడం. ఇంకొంచెం వేస్తే కింది అంచు ముందుగా వెనక్కి వస్తుంది.

ఎంత కొంచెం అన్నది చూడండి. మణికట్టును 20 డిగ్రీలు వంచితే 33 సెంటీమీటర్ల హ్యాండిల్ పై, కింది దారాల మధ్య దాదాపు 11 సెంటీమీటర్ల తేడా తెస్తుంది. పతంగి మీద ఆ రెండు దారాలు కట్టిన చోట్ల మధ్య 75 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, రెక్క వాలు 8, 9 డిగ్రీలు మారుతుంది. ముందుకు దూసుకెళ్లడానికి, ఆగడానికి మధ్య ఉండేది ఆ కాస్త మణికట్టే.

ఇదే లెక్క ఇంకో విషయం కూడా చెబుతుంది. భుజం నుంచి చేయి మొత్తం వెనక్కి లాగితే పై దారం, కింది దారం రెండూ ఒకే కొలతలో వస్తాయి. వాటి మధ్య తేడా మారదు. పతంగి కొంచెం గట్టిగా ఎగురుతుంది తప్ప వాలు మారదు. కాగితపు పతంగి ఎగరేసిన చేయి ఇక్కడ తికమక పడేది ఇందుకే. ఏళ్ల అలవాటు చేతిని లాగమంటుంది. ఈ పతంగి వినేది మణికట్టు మాట.

దారాల కొలత మీద ఎందుకంత పట్టింపో కూడా దీంతోనే అర్థమవుతుంది. ఒక పై దారం మిగతావాటికన్నా 3 సెంటీమీటర్లు పొడుగైతే ఆ రెక్క 2 డిగ్రీలకు పైగా వాలు మారిపోయి, పతంగి అస్తమానం ఒక పక్కకే ఒరుగుతుంది. కొత్తవాళ్లు తమ చేతినే అనుమానిస్తారు. కొత్త దారాలు మొదటి కొన్నిసార్లు సాగుతాయి కూడా. అందుకే నాలుగు కొసలనూ ఒకే మేకుకు తగిలించి, అవతలి నాలుగు కొసలను కలిపి లాగి సరిచూసుకోవడం ఈ ఆటలో మామూలు పని.

ముడి ఎక్కడ వేయాలన్న తగాదా

హ్యాండిల్ పై కొసకు జానెడు తాడు ముక్క, దాని మీద వరుసగా ముడులు ఉంటాయి. పై దారాన్ని పతంగికి దగ్గరున్న ముడికి తగిలిస్తే పై దారం పొడవు పెరిగినట్టే. అంటే ఏమీ చేయకుండానే కొంత బ్రేక్ పడి ఉంటుంది. చేతికి దగ్గరి ముడికి తగిలిస్తే బ్రేక్ తగ్గి పతంగి హుషారుగా ఉంటుంది.

కొత్తవాళ్లకు ఏది మంచిదన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. బ్రేక్ ఎక్కువుంటే పతంగి నిదానంగా ఉంటుంది, ఆపడం, వెనక్కి తేవడం తొందరగా వస్తుంది అని ఒక పక్షం వాదన. అసలు నేల మీద నుంచి లేవకపోతే నేర్చుకునేదేముంది, ముందు లేవనివ్వండి అని రెండో పక్షం. నా లెక్కన ఇద్దరూ వేర్వేరు గాలుల గురించి మాట్లాడుతున్నారు. గాలి 15 కి.మీ. దాటి ఉన్నప్పుడు పతంగికి దగ్గరున్న ముడి బాగా పనిచేస్తుంది. 8, 10 కి.మీ. గాలిలో అదే ముడి మీద పతంగి లేవలేక వెనక్కి కూర్చుంటుంది. పక్షం తీసుకునే ముందు గాలి ఎంతుందో చూడాలి.

సంక్రాంతి గాలి, ఆషాఢం గాలి

మన దగ్గర పతంగి అంటే సంక్రాంతి. కానీ ఈ పతంగికి మన సంక్రాంతి గాలి అంతగా నప్పదు. దక్షిణ తెలంగాణలో జనవరిలో గాలి తూర్పు, ఈశాన్యం నుంచి మెత్తగా వీస్తుంది. పొద్దున మంచు వీడేదాకా ఆకు కూడా కదలని రోజులుంటాయి. పల్చటి కాగితానికి అది చాలు. కార్బన్ పుల్లల పతంగి హాయిగా నిలబడాలంటే 12 నుంచి 20 కి.మీ. గాలి, అదీ తెరలు తెరలుగా కాకుండా ఒకే తీరున రావాలి. అలాంటి గాలి మనకు జూన్ నుంచి ఆగస్టు మధ్య, పడమర, నైరుతి నుంచి వస్తుంది. ఆషాఢం గాలులని మనవాళ్లు అనేది దాన్నే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలి బలంగానే ఉంటుంది గానీ, కాగిన నేల మీద నుంచి ముక్కలు ముక్కలుగా లేస్తుంది. ఒక నిమిషం ఏమీ ఉండదు, మరునిమిషం సుడిగాలి లేచి దుమ్ము కొడుతుంది.

మీటరు లేకపోయినా గాలిని కంటితో కొలవవచ్చు. ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలలాడుతుంటే 6 నుంచి 11 కి.మీ. వేప రెమ్మలు ఆగకుండా కదులుతూ గుడి మీది జెండా పరుచుకుని ఎగురుతుంటే 12 నుంచి 19. దుమ్ము, చిత్తు కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. మొదటిసారికి మధ్యది సరైన గాలి. మూడో దానికి జాలీ గుడ్డ ముక్కలు కుట్టిన రకాలు వేరే ఉన్నాయి, వాటిలోంచి కొంత గాలి దాటిపోతుంది. ఫోన్ యాప్ చూపించే వేగం సాధారణంగా 10 మీటర్ల ఎత్తులోది, తలెత్తున అంతకన్నా తక్కువే ఉంటుంది.

జనవరిలో అసలు సాధ్యమే కాదని కాదు. 6 కి.మీ. గాలిలో మనిషి 5 కి.మీ. వేగంతో వెనక్కి నడిస్తే పతంగికి తగిలేది 11 కి.మీ. బలం మూడింతలు దాటుతుంది. కానీ వెనక్కి ఎంతసేపు నడుస్తాం? కొత్తవాళ్లు ఈ గాలిలో మొదలుపెట్టి, తమకు రాదని తేల్చుకుని పక్కన పడేయడం నాకు బాధగా అనిపిస్తుంది.

చోటు దొరకడమే కష్టం

ఆషాఢం గాలికి ఒక చిక్కుంది. కోతలయ్యాక పొలాలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు గాలి ఉండదు. గాలి వచ్చేసరికి పత్తి మొలిచి ఉంటుంది, నాట్లు పడుతుంటాయి. మిగిలేవి బడి మైదానాలు, పడావు భూములు. 25 మీటర్ల దారానికి సుమారు 60 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల లోతు ఖాళీ కావాలి కాబట్టి చాలా హైస్కూలు మైదానాలు సరిపోతాయి. ఖాళీ మడి దొరికినా వరి కొయ్యకాళ్లతో ఇంకో తలనొప్పి. దారాలు పరిచి హ్యాండిళ్ల దగ్గరికి నడిచొచ్చేలోపు రెండు దారాలు కొయ్యకాళ్ల మొదళ్లకు చుట్టుకుని ఉంటాయి. పతంగిని లేపగానే ఒక రెక్క మాత్రమే లేచి గుడ్డ అదే మోళ్ల మీద రాసుకుంటుంది.

గాలి వచ్చే వైపు ఏముందన్నది చోటు వైశాల్యం కన్నా ముఖ్యం. చెట్టో ఇల్లో గాలికి అడ్డుంటే దాని ఎత్తుకు ఏడు నుంచి పదింతల దూరం దాకా గాలి చెదిరి ఉంటుంది. 10 మీటర్ల వేప చెట్టు వెనక 70 నుంచి 100 మీటర్లు పనికిరావు. నల్లగొండ పట్టణానికి ఆనుకుని ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట లాంటివాటి చాటున పడ్డ చోట గాలి ఎంత బలంగా ఉన్నా ఒక తీరున రాదు. నీళ్ల మీదుగా వచ్చే గాలి చదునుగా ఉంటుంది. పానగల్లు ఉదయ సముద్రం, కోయిల్‌సాగర్, జూరాల లాంటి జలాశయాల పక్కన పడమటి గాలికి నీళ్లు మన వీపు వైపు ఉండే ఒడ్డున ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ పతంగి నేల వైపే ఎగురుతుంది, నీళ్లలో పడదు.

బోరు మోటార్ల కోసం మన పొలాలన్నిటి మీదుగా కరెంటు తీగలు వెళ్తాయి. కార్బన్ పుల్లలో కరెంటు పారుతుంది, తడిసిన దారంలోనూ పారుతుంది. ఇందులో వాదోపవాదాలు ఏమీ లేవు. దారం పొడవుకు రెండింతల దూరంలో తీగ కనిపిస్తే అది ఎగరేసే చోటు కాదు. ఉరుము వినిపించినా అంతే.

ఈ దారం, చైనా మాంజా, చట్టం

దారాలు డైనీమా, స్పెక్ట్రా పేర్లతో దొరికే గట్టి పాలిథిలీన్ పోగుతో అల్లినవి. మామూలుగా వాడేది 90 పౌండ్ల రకం, అంటే 41 కిలోల దాకా తెగదు. దీనికి గాజు పొడి ఉండదు. ఒకదాని మీద ఒకటి నూనె రాసినట్టు జారుతుంది. అందుకే పతంగి నాలుగైదు చుట్లు తిరిగి దారాలు మెలిపడినా చేతిలో అదుపు పోదు. మెలికపడ్డ నూలు దారాలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి. పైగా డైనీమా 150 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే కరిగిపోతుంది. రాపిడికి నూలు దారం కూడా దాన్ని కోసేస్తుంది. సంక్రాంతి రోజు మాంజాలు నిండిన ఆకాశంలో దీన్ని ఎగరేయడం శుద్ధ దండగ.

మరి నిషేధం సంగతి? 2017 జులై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశం పతంగులకు వాడే నైలాన్, ఇతర సింథటిక్, మట్టిలో కలవని దారాలను దేశమంతటా నిషేధించింది. ఒక వాదన ప్రకారం ఆ ఆదేశం ఉద్దేశం పక్షుల రెక్కలు, బండి మీద వెళ్లేవాళ్ల మెడలు తెంచే దారాన్ని ఆపడం. విన్యాసాల పతంగి దారం తెగి ఊళ్ల మీద పడదు, చెట్లకు వేలాడదు, ఆట అయ్యాక చుట్టి ఇంటికి తీసుకెళ్తారు. కాబట్టి ఇది ఆ కోవలోకి రాదు. రెండో వాదన మాటలను పట్టుకుంటుంది. సింథటిక్ అన్నారు, పతంగి దారం అన్నారు, ఇది రెండూ. గాజు లేకపోయినా బిగువుగా ఉండి వేగంగా కదిలే సన్నటి దారం చర్మాన్ని కోస్తుందన్నదీ నిజమే.

మొదటి వాదనలో న్యాయం ఉందని నాకనిపిస్తుంది. కానీ ఆదేశంలోని అక్షరం రెండో వాదన వైపే ఉంది, ఆ సంగతి దాచి ఎవరికీ దీన్ని అంటగట్టకూడదు. గాజు పూయని నూలు దారంతో 10, 12 మీటర్ల పొట్టి కొలతలో కొంతవరకు ఎగరేయవచ్చు. సాగుడు, గాలి ఒరిపిడి ఎక్కువ, చుట్లు తిప్పడం కుదరదు, కానీ ఆపడం, వెనక్కి తేవడం నేర్చుకోవచ్చు.

ముందు రెండు దారాలా, నేరుగా నాలుగా?

రెండు దారాలది ముందు నేర్చుకోమనేవాళ్లు చెప్పే కారణం సరైనదే. ఎదురుగా గాలి బలం ఎక్కువ, పక్కలకు, నెత్తి మీదికి పోయేకొద్దీ తక్కువ అన్నది అది త్వరగా నేర్పుతుంది. ధర కూడా తక్కువ. పేరున్న కంపెనీల నాలుగు దారాల పతంగి విదేశాల నుంచి తెప్పిస్తే ఐదంకెల్లో ఉంటుంది. నేరుగా నాలుగుతో మొదలుపెట్టమనేవాళ్ల మాట వేరు. రెండు దారాలది చేయి లాగి తిప్పడం నేర్పుతుంది, తర్వాత ఆ అలవాటు మానడానికే సగం కాలం పోతుంది అంటారు. చిన్నప్పటి నుంచి పతంగి ఎగరేసిన మనవాళ్లకు గాలి చదవడం ఎటూ వచ్చు. అందుకే వాళ్ల విషయంలో రెండో మాట వైపే నేను మొగ్గుతాను.

మొదటి రోజు జరిగేది దాదాపు అందరికీ ఒకటే. నేలలో గుచ్చిన పొడవాటి స్క్రూడ్రైవర్‌కు హ్యాండిళ్లను కింది దారాలు బిగువుగా ఉండేలా తగిలిస్తారు. బ్రేక్ పడి ఉంటుంది కాబట్టి పతంగి తనంతట తాను లేవదు. హ్యాండిళ్లు చేతిలోకి తీసుకుని బొటనవేళ్లు వెనక్కి వాల్చగానే రివ్వున నెత్తి మీదికి వచ్చేస్తుంది. అక్కడ గాలి బలం చాలక సోలిపోయి పడుతుంది. పడుతున్నప్పుడు చేయి ఢీల్ ఇవ్వాలని చూస్తుంది, కానీ ఇక్కడ వదలడానికి దారం లేదు. ఢీల్ ఇవ్వాల్సింది కాళ్లు. పతంగి వైపు రెండడుగులు వేస్తే బిగువు తగ్గి దెబ్బ తప్పుతుంది.

అసలు గట్టి పాఠం తలకిందులుగా నిలపడం. పతంగి సగం చుట్టు తిరిగితే ఎడమ హ్యాండిల్ నడిపే రెక్క మన కుడి వైపుకు వచ్చేస్తుంది. కళ్లు ఒకటి చెబుతాయి, చేయి ఇంకొకటి చేయాలి. పైగా ముక్కు కిందికి ఉంది కాబట్టి ముందుకు పోనిస్తే నేలకు గుద్దుకుంటుంది, పైకి తేవాలంటే బ్రేక్ వేయాలి. టెన్షన్‌లో చేతులు వెనక్కి లాగేస్తాం, అది నేరుగా నేల మీదికే పోతుంది. అయినా ముందంచు నేలకు ఆనిన పతంగిని లేపడానికి దాని దగ్గరికి నడవనక్కర్లేదు. రెండు హ్యాండిళ్ల కింది కొసలను మెల్లగా మన వైపు తెస్తే కింది అంచు ముందుగా వెనక్కి లేస్తుంది. నిలువెత్తు దాటాక ఒక మణికట్టును ముందుకు, రెండోదాన్ని వెనక్కి తిప్పితే అది ఉన్న చోటే తిరిగి ముక్కు పైకి పెడుతుంది.